కంటికి కనబడని కందెన

మన పల్లెలలో పంటను సంతకు చేర్చు భారము ఒకనాడు ఎడ్లబండిదై యుండెను. నేడా భారములో పెద్దభాగము పికప్పు బండిమీద పడినది. మదనపల్లె సంతకు టమాటా పెట్టెలు, గుంటూరు యార్డుకు మిరప బస్తాలు, శీతలకేంద్రమునకు పాలు, సంఘపు గిడ్డంగినుండి చేనికి ఎరువు, ఇవన్నియు నీ బండిమీదనే సాగుచున్నవి. మన సభ్యులలో బండి గలవారు కొందఱే యైనను, ఆ బండ్లమీద నాధారపడినవారు అనేకులు. ఈ బండ్లలో చాలభాగము చేతులు మాఱి వచ్చినవి. లక్ష కిలోమీటర్లు దాటినవి కలవు. రెండులక్షలు దాటినవియు కలవు.

ఇట్టి బండ్ల యజమానులు ఇంజను నూనెను వేళకు మార్పింతురు. టైర్ల గాలి చూతురు, బ్రేకులు చూతురు. కాని వెనుక ఇరుసు నడుమ గుమ్మడికాయవలె ఉబ్బియుండు ఇనుప పెట్టెలోని నూనెను, బండి కొన్ననాటినుండి యొక్కమారైన మార్పించినవారు అరుదుగా కనబడుదురు. ఆ పెట్టె పేరు డిఫరెన్షియల్. మెకానిక్కులు వాడుకలో దానిని ‘హౌసింగు’ అనియు ‘క్రౌను’ అనియు పిలుతురు. ఈ విషయమున మా యభిప్రాయమును మొదటనే చెప్పుచున్నాము. చాలదూరము తిరిగిన ప్రతి పికప్పులోను ఈ నూనెను లెక్కప్రకారము మార్పవలెను. ఆ లెక్కను ఒక్కొక్క రైతు జ్ఞాపకమునకు వదలక సంఘమే చేపట్టవలెను.

కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని మన పెద్దలనిరి. ఆ మాటలో వినోదముతోపాటు ఒక సౌకర్యమును గలదు. ఎడ్లబండి ఇరుసు ఎండిపోయినయెడల అది కీచుమని యూరంతయు వినునట్లు మొఱపెట్టెడిది. రైతు ఆముదమో మడ్డియో తెచ్చి కందెన పెట్టెడివాడు; మొఱ మానెడిది. పికప్పు వెనుక ఇరుసు అట్టిది కాదు. దానిలోని నూనె నల్లబడినను, పలుచబడినను, నీరు కలిసినను, అది వేల కిలోమీటర్లు మౌనముగా నడచును. దాని యేడ్పు వినబడునప్పటికి పండ్లు అరిగియే యుండును. అరిగిన ఇనుమును ఏ నూనెయు తిరిగి మొలిపింపజాలదు. కావున చెవి చెప్పువఱకు వేచియుండుట ఈ పనికి చాలదు, కాగితము చెప్పవలెను.

ఈ పెట్టె చేయు పని యేమో తెలిసినగాని దాని నూనె విలువ తెలియదు. ఎడ్లబండికి రెండు చక్రములును ఇరుసుమీద వేర్వేఱుగా తిరుగును గనుక మలుపునందు చిక్కులేదు. పికప్పులో ఒకే ఇంజను రెండు వెనుక చక్రములను త్రిప్పవలెను. కళ్లములో బంతి త్రోలునప్పుడు మేటి చెంతనున్న యెద్దు కొలదిగా నడచును. వెలుపలి యెద్దు వడిగా నడువవలసివచ్చును. బండి మలుపు తిరుగునప్పుడు చక్రములకును అదే గతి. లోపలి చక్రము కొంచెము, వెలుపలి చక్రము ఎక్కువ తిరుగవలెను. రెంటికిని బలమిచ్చుచు, ఒకదానికంటె నొకటి వేగముగా తిరుగుటకు వీలు కల్పించునదే డిఫరెన్షియల్.

ఇంజనునుండి వచ్చు పొడుగాటి ప్రొపెల్లరు షాఫ్టు చివర ఒక చిన్న పండ్లచక్రము గలదు. దానిని పినియను అందురు. అది తనకంటె పెద్దదగు క్రౌను చక్రమును త్రిప్పును. షాఫ్టు తిరుగు దిక్కు ఇచ్చట అడ్డముగా మాఱి చక్రములకు చేరును. షాఫ్టు సుమారు నాలుగు చుట్లు తిరిగినచో చక్రమొక చుట్టు తిరుగును. వేగము తగ్గినకొలది బలము హెచ్చును. అనగా బండిమీది బరువును ముందునకు నెట్టు శక్తి యంతయు కొలది యినుప పండ్ల యంచులగుండ సాగవలసినదే. పైగా ఇప్పటి బండ్లలో పినియను క్రౌను నడుమకు నేరుగా చేరక, కొంత క్రిందుగా చేరును. ఈ తరహాను హైపాయిడ్ అందురు. ఇందు పండ్లు ఒకదానిమీద నొకటి దొర్లుటయే కాక, మిక్కిలి యొత్తిడితో జాఱుచుండును. ఆ జాఱుడునకు సాధారణమగు నూనెపొర నిలువదు. అందుచేతనే ఈ నూనెలో గంధకము, భాస్వరము గల మందులు కలుపుదురు. అవి వేడికి ఇనుముతో కలిసి పలుచని రక్షణపొర నేర్పరచును. ఈ నూనెకు గల ఘాటైన వాసన ఆ గంధకముదే.

ఈ మందు తరుగునది. పని చేసినకొలది అది ఖర్చగును. ఇంజను నూనెకు జల్లెడవలె ఫిల్టరు గలదు. మన పికప్పుల వెనుక ఇరుసునకు సాధారణముగా అట్టి ఫిల్టరు లేదు. అరిగిన ఇనుపపొడి యెచ్చటికిని పోజాలదు. ఆ నూనెలోనే తిరుగుచు బేరింగులను మఱింత అరగదీయును. ఇరుసునకు ఊపిరి పీల్చు బ్రీదరు అను చిన్న రంధ్రము గలదు. వేడెక్కిన ఇరుసుతో వాగు దాటునప్పుడు లోపలి గాలి చల్లబడి కుంచించుకొని, ఆ రంధ్రముగుండనో అరిగిన సీలుగుండనో నీటిని లోనికి లాగుకొనును. వ్రాసిన బరువును మించి లోడు వేయుట, గతుకుల పుంతలు, దుమ్ము, వాననీరు, ఇవన్నియు మన బండ్లకు నిత్యకృత్యములు. తయారీదారులు తమ పుస్తకములలో ‘కఠినసేవ’ యని వ్రాయునది మన రైతుబండి దినచర్యయే. ఆ పుస్తకమున సాధారణసేవకు ఒక దూరము, కఠినసేవకు తక్కువ దూరము వ్రాసియున్నచోట, మన బండ్లకు రెండవదియే వర్తించునని మా నిశ్చయము. పుస్తకము దొరకని పాతబండికి 50,000 కిలోమీటర్లకు మించనీయరాదని మా సలహా. వాగునీటిలో ఇరుసు మునిగినచో దూరముతో పనిలేదు. వెంటనే నూనెను పరీక్షింపవలెను.

దీనికి ప్రతిగా చెప్పబడు మాటలను విచారింతము.

“ఈ నూనె బండి ఆయుస్సున్నంతవఱకు వచ్చును, మార్పనక్కఱలేదు” అని కొందఱందురు. ఆ ఆయుస్సు ఎంతయో ఎవరును చెప్పరు. వారంటీ తీఱుటతో తీఱు ఆయుస్సు మొదటి యజమానికి చాలవచ్చును; రెండులక్షల కిలోమీటర్ల వద్ద కొన్న మన సభ్యునికి చాలదు.

“తగ్గినప్పుడు కొంచెము పోసినచో చాలును” అని మఱికొందఱందురు. పోయుటవలన మట్టము నిలుచునేగాని, అడుగుననున్న ఇనుపపొడియు నీరును బయటికి పోవు. పైగా నూనె తగ్గినదన్నచో అది యెచ్చటనో కాఱినదని యర్థము. ఆ కాఱుటను వెదకక నూనె పోయుట, చిల్లికుండకు నీరు మోయుటవంటిది.

“పాతబండిని కదిలింపరాదు, క్రొత్త నూనె పోసినచో చెడిపోవును” అను భయము మఱియొకటి. ఆటోమేటిక్ గేరుపెట్టెలలో రాపిడి పలకలు గలవు గనుక వాటి విషయమున ఇట్టి వాదమునకు కొంత తావు గలదు. మన పికప్పుల సాధారణ డిఫరెన్షియల్‌లో అట్టి పలకలు లేవు. పండ్లు, బేరింగులు మాత్రమే గలవు. నూనె మార్చిన పిదప కూత వినబడినచో, ఆ అరుగుదల అంతకుముందే యున్నదనియే యెఱుగవలెను. మన మాట పాతబండికి మఱింత గట్టిగా వర్తించును. ఏలయన దానికి అరిగిపోవుటకు మిగిలిన పన్ను తక్కువ.

ఇక వ్యయము. ఈ నూనె లీటరునకు కొన్ని వందల రూపాయలు. ఒకమారు పట్టునది కొలది లీటర్లు. క్రౌను, పినియను, బేరింగులు మార్పవలసివచ్చినచో వేలకువేలు కావలెను. బండి షెడ్డులో నిలిచిన దినముల బాడుగయు, వాయిదాసొమ్మును వేఱు. టమాటా నింపిన బండి అర్ధరాత్రి ఘాటుదారిలో నిలిచినయెడల తెల్లవాఱుసరికి సరకు విలువ ఏమగునో రైతులకు మేము చెప్పనక్కఱలేదు.

ధనముకంటె పెద్ద విషయ మొకటి గలదు. బ్రీదరు మట్టితో పూడినచో వేడికి లోపల ఒత్తిడి పెరిగి, నూనె సీళ్లను త్రోసికొని వెలికి వచ్చును. అది చక్రములవైపు వచ్చినచో బ్రేకు లైనింగులమీద పడును. నూనె తడిసిన బ్రేకు పట్టదు. నూనె పూర్తిగా ఎండిన ఇరుసులో బేరింగు బిగిసిపోయినచో, పరుగుననున్న బండి వెనుక చక్రములు ఒక్కసారిగా కట్టుబడుటయు సంభవము. సరకుబండిలో మనుష్యుల నెక్కించుట చట్టవిరుద్ధము. ఐనను మిరపకోతకు, వరినాటుకు కూలిజనము, అందులోను స్త్రీలు, ఈ బండ్లలోనే పోవుచుండుట మనమెల్లరము చూచుచున్నదే. అది మానవలెను, ఆ సంగతి వేఱుగా వ్రాయదగినది. సరకుమాత్రమే వేసిన బండియైనను డ్రైవరు ప్రాణమును, ఎదురుగా వచ్చువాని ప్రాణమును ఆ ఇరుసుమీద నాధారపడియున్నవి. కావున ఇది యజమాని సొంత ఆస్తికి మాత్రమే సంబంధించిన విషయమని మే మొప్పుకొనము.

ఈ పనికి గొప్ప విద్య యక్కఱలేదు. క్రమము తప్పకుండుట చాలును. బండిని కొంతదూరము నడిపి నూనెను గోరువెచ్చన చేసి, చదునైన నేలమీద నిలిపి, ముందుచక్రములకు కొయ్యదిమ్మలు అడ్డుపెట్టవలెను. జాకీ యొక్కదానిని నమ్మి బండిక్రింద దూరరాదు. వెనుకభాగమును మాత్రమే లేపినచో మట్టము తప్పుగా కనబడునుగూడ. ఇరుసు ప్రక్కన పైగా నూనె పోయు బిరడా యొకటి, అడుగున నూనె దించు బిరడా యొకటి యుండును. మొదట పైబిరడాను విప్పవలెను. ఈ యొక్కమాట మన సభ్యులు గుఱుతుంచుకొనిన చాలును. పాతబండ్లలో పైబిరడా త్రుప్పుపట్టి కదలకపోవచ్చును. అడుగుబిరడాను ముందు విప్పి నూనెనంతయు దించిన పిదప పైది రాకపోయినచో, బండి ఉన్నచోటనే నిలిచిపోవును.

దిగిన నూనె ఆ ఇరుసు చరిత్రను చెప్పును. నల్లగానుండి పారదర్శకత పోయినచో వయసు మీఱినది. పాలు కలిసిన టీవలె నున్నచో నీరు చేరినది. అడుగుబిరడాకు సాధారణముగా ఒక అయస్కాంతముండును. దానికి బూడిదరంగు మెత్తని ముద్ద అంటియున్నచో అది సహజమైన అరుగుదల, తుడిచి బిగింపవచ్చును. వేలికి గ్రుచ్చుకొను పెళుసులు, పంటిముక్కలు కనబడినచో క్రొత్తనూనెతో సమాధానపడక ఇరుసును విప్పించి చూడవలెను. నూనె దిగిన పిదప కిరసనాయిలుతో కడుగు వాడుక కొన్నిచోట్ల గలదు. లోపల మిగిలిన కిరసనాయిలు క్రొత్తనూనెను పలుచజేయును గనుక దానిని మేము మెచ్చము. ఎన్నడును మార్పని ఇరుసైనచో ఒకమారు మార్చి, అయిదారువేల కిలోమీటర్లు తిరిగిన పిదప మఱల మార్చుటయే మంచి కడుగుడు.

నూనె జాతిని బండిపుస్తకమునుబట్టి నిర్ణయింపవలెను. హైపాయిడ్ ఇరుసునకు సాధారణముగా జి.ఎల్. 5 తరగతి చెప్పబడును. 80 డబ్ల్యు 90, 85 డబ్ల్యు 140 అనునవి చిక్కదనమును తెలుపును. జి.ఎల్. 4 తరగతి చాల గేరుపెట్టెలకు చెందినది. రెంటిని ఒకటిగా భావింపరాదు. జాఱుడు నాపు ప్రత్యేకపు డిఫరెన్షియల్ గల బండ్లకు వేఱు మందు కలిపిన నూనె కావలెను. ప్రక్కరంధ్రమునుండి నూనె పొర్లివచ్చువఱకు చిన్న పంపుతో పోసి, పొర్లుట ఆగిన పిదప క్రొత్త వాషరుతో బిరడాను బిగింపవలెను. ఎక్కువ పోయుట మేలుకాదు. అది సీళ్లనుండి బ్రేకులకే పోవును. బ్రీదరును శుభ్రపఱచి, మఱునాడు బిరడాల చుట్టు తడి యున్నదేమో చూచినచో పని ముగిసినట్లే. నాలుగు చక్రములతో నడచు బండికి ముందు ఇరుసునందును ఇట్టి పెట్టెయే గలదని మఱువరాదు.

చేతులు మాఱు బండిని కొనువారికి ఒక హెచ్చరిక. కూయుచున్న ఇరుసులో చిక్కని నూనెయో, ఱంపపుపొట్టు కలిపిన నూనెయో పోసి, కొన్నిదినములు నోరుమూయించి అమ్ము మోసము మోటారు వర్తకమున చాల పాతది. బేరము కుదుర్చుకొనుటకుముందు పైబిరడాను విప్పించి, చల్లబడిన నూనెలో వేలు పెట్టి చూడుడు. మట్టము, రంగు, పొట్టు, పెళుసులు అన్నియు వేలికే తెలియును. విప్పుటకు నిరాకరించు అమ్మకందారుని బండిని కొనకుండుటయే లాభము.

ఇక సంఘముల మాట. ఏ సభ్యుడును ఫిర్యాదు చేయకపోయినను సంఘము లెక్కలను ఏటేట తనిఖీ చేయింతుము. ఫిర్యాదు వచ్చునప్పటికి సొమ్ము పోయియుండునని మనకు తెలియును గనుకనే యీ యేర్పాటు. నూనె మార్పును అట్టి తనిఖీయే. 1904లో సహకార పరపతి సంఘములకు చట్టమేర్పడిననాడు సంఘపు పని అప్పిచ్చి వసూలుచేయుటతో ముగిసెడిది. 2023లో కేంద్రప్రభుత్వము ప్రాథమిక సంఘములకు పంపిన ఆదర్శ నిబంధనావళి, పరపతితోపాటు ఇతర వ్యాపారములను సేవలను చేపట్టుటకును వీలు కల్పించినది. ఎరువుల గిడ్డంగి నడుపగల సంఘమునకు ఒక నూనెపీపాయు ఒక రిజిస్టరును బరువుకావు.

మా సూచనలు నాలుగు. మొదటిది, సభ్యుల పికప్పులన్నిటికి ఒక రిజిస్టరు పెట్టవలెను. బండి సంఖ్య, మీటరుపై దూరము, నూనె మార్చిన తేది, నూనె జాతి, అయస్కాంతముమీద కనబడినది, ఈ అయిదు గడులు చాలును. గడువు సమీపించినప్పుడు గుమాస్తా సభ్యునికి ఫోనుచేసి తెలుపవలెను. రెండవది, నూనెను సంఘమే సీలుపీపాలుగా బిల్లుతో కొని, సభ్యులకు కొన్నధరకు కొలది ఖర్చు చేర్చి ఇయ్యవలెను. నకిలీ నూనె బాధను ఒంటరి రైతుకంటె సంఘము బాగుగా నెదుర్కొనగలదు. మూడవది, సంఘమే అప్పిచ్చి బండి కొనిపించినచోట ఈ రిజిస్టరులో చేరుటను షరతుగా పెట్టవలెను. బండి నడచినగాని వాయిదా నడువదు. నాలుగవది, దించిన నూనెను ప్రత్యేకమైన పీపాలో చేర్పవలెను. చెదలకని కొయ్యలకు పూయుట, దుమ్మణచుటకని బాటపై పోయుట, కాలువగట్టున గుమ్మరించుట తగదు. 2016 నాటి కేంద్రప్రభుత్వ నియమములప్రకారము వాడిన నూనె అపాయకరమైన వ్యర్థపదార్థము. దానిని అనుమతిగల శుద్ధిదారులకే ఇయ్యవలెను. చేనికి నీరిచ్చు కాలువను మన చేతులతోనే చెఱుపుకొనుట రైతుధర్మము కాదు.

ఇందుకు సర్కారు ఉత్తరువు రావలసిన పనిలేదు. వచ్చు పాలకవర్గ సమావేశమున ఒక తీర్మానము, నూఱుపేజీల పుస్తకమొకటి, పీపా యొకటి కావలెను. ఖరీఫు సరకు రోడ్డెక్కుటకుముందే ప్రతిసంఘమును తన సభ్యుల బండ్లకు ఈ పరీక్షను ముగింపగలదు. బండి గల సోదరులు అంతవఱకు వేచియుండక, ఈ వారముననే మీటరు చూచి, వెనుక ఇరుసు నూనెను తుది సారి యెప్పుడు మార్చితిరో జ్ఞాపకము చేసికొనుడు. జ్ఞాపకము రానియెడల మార్పవలసిన దినము వచ్చినదని తెలిసికొనుడు.